ఈశాన్యం గేరు

మా ఊరి రవాణా ఆఫీసులో వాస్తు ప్రకారం మార్చడానికి ఇంకేమీ మిగలకపోవడం వల్లనే ఈ కథంతా జరిగింది.

ముందు గేటు మార్చారు. తర్వాత మెట్లు పీకి ఇంకోవైపు పెట్టారు. ఆగ్నేయంలో నీళ్ళేమిటని మంచినీళ్ళ ట్యాంకు పడగొట్టారు. మరుగుదొడ్డి ఏ మూల కడదామన్నా ఏదో ఒక దోషం కనబడుతూ ఉండడంతో చివరికి దాన్ని కట్టడమే మానేశారు. ఆఫీసరు పంచాక్షరి గారి కుర్చీ ఉత్తరం చూడాలన్నారని దాన్ని గోడవైపుకు తిప్పారు. అప్పటినుంచి జనం ఆయన వీపుకు దణ్ణం పెట్టి పని చెప్పుకునేవారు. ఇంత చేసినా ఆయనకు రావలసిన ప్రమోషన్ రాలేదు. లైసెన్సు పరీక్షకొచ్చినవాళ్ళు కారును ట్రాకు మధ్యలో ఆపేసుకోవడం, కంగారులో ఏదో ఒక గేరు వేసి ప్రహరీ గోడను గుద్దడం ఆగలేదు. అలా గుద్దినవాళ్ళలో నేను లేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

నా పేరు రత్నమాల. చేపల మార్కెట్టు ఎదురుగా నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. నలభై దాటాక కారు నేర్చుకోవడం నా సరదా కాదు. మా అమ్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. ఆస్పత్రి ఊరికి పడమర, బైపాస్ దగ్గర ఉంది. పోయేటప్పుడు ఆటోలో ఎలాగో పోతుంది గాని, వచ్చేటప్పుడు మనిషి వాడిపోయి ఉంటుంది. మా రోడ్ల మీద ఆటో ఎగిరినప్పుడల్లా ఆమె పెట్టే మూలుగు వినలేక, షాపు మీద అప్పు తెచ్చి పాత కారు కొన్నాను. కొన్నాక తెలిసింది, ఎల్ బోర్డు ఉన్నన్నాళ్ళూ పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలని. మా పక్కింటి హెడ్మాస్టరు గారు పాపం ఓపిగ్గా కూర్చునేవారు.

కారు నేర్పింది బాజీ. డ్రైవింగ్ స్కూలు అతనిది. నేర్పడమంటే పక్క సీట్లో కూర్చుని బఠాణీలు తింటూ నా మీద కేకలేయడం.

"ఇంజన్ మాట ఇనక్కా! మూలిగితే కింద గేరు, అరిస్తే పైగేరు. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు. ఇప్పుడేమంటంది?"

"అరుస్తోంది."

"మరి రెండోది వెయ్యి! ఫస్టు కదలడానికక్కా, కాపరం చెయ్యడానిక్కాదు."

నాకు కాళ్ళ పని కొత్త కాదు. ఇరవయ్యేళ్ళు కుట్టుమిషను తొక్కినదాన్ని. క్లచ్చి సగందాకా వదిలి, బండి ఒళ్ళు వణికిన క్షణంలో కాలు అక్కడే నిలిపి, రెండోకాలు మెల్లగా నొక్కడం వారంలో పట్టుబడింది. చెయ్యే కాస్త మొండికేసింది. మూడో గేరు అనుకుని ఒకటో గేరు వేసి బాజీ చేత బఠాణీలు కక్కించిన రోజులున్నాయి. అయినా నెల తిరిగేసరికి ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, బైపాస్ ఎక్కాక నాలుగు, నూనె రాసినట్టు పడేవి. ఇక పరీక్షకు వెళ్ళడమే తరువాయి అనుకున్నాం.

పరీక్ష రోజున వాస్తురత్న విశ్వపతి గారు ఆఫీసుకు వచ్చారు. ఆయన ఒకప్పుడు టైల్స్ షాపు నడిపేవారు. ఏ మూల ఏ టైలు వేయాలో చెప్పీ చెప్పీ వాస్తులోకి దిగారు. ఆఫీసంతా తిరిగి, మార్చడానికేమీ దొరకక, చెమటలు పట్టి, ఏసీ కోసం బాజీ కార్లో కూర్చున్నారు. కూర్చున్నవారి చూపు గేరు రాడ్డు మీద పడింది. దాని గుండు మీద గీతలూ అంకెలూ ఉంటాయి గదా, అవి చూశారు.

"ఏమిటీ ప్లాను?" అన్నారు.

"గేర్లండీ," అన్నాడు బాజీ. "పైన ఎడంపక్క ఒకటి, దానికింద రెండు. మధ్యలో పైన మూడు, కింద నాలుగు. కుడిపక్క పైన అయిదు, కింద రివర్సు."

"మధ్యలో ఈ ఖాళీ?"

"న్యూట్రలండీ. అక్కడేం ఉండదు."

"బ్రహ్మస్థానం!" అని విశ్వపతి గారు సీట్లోంచి లేవబోయి తల గుద్దుకున్నారు. "పంచాక్షరి గారూ, ఇటు రండి! ఇది ఇల్లండీ! నాలుగు మూలలున్నాయి, బ్రహ్మస్థానం ఖాళీగా ఉంది. దీనికి వాస్తు చూడకుండా ఇన్నాళ్ళూ జనాన్ని రోడ్ల మీదికి వదిలేశారా?"

జేబులోంచి దిక్సూచి తీశారు. కారు తూర్పుకు చూస్తోంది. ఈశాన్యం మూలకు ఒకటో గేరు వచ్చింది. "ఈశాన్యంలో ఒకటో గేరు పెట్టుకుని, దాన్ని వదిలేసి రెండుకు పోతున్నారు. రెండెక్కడుంది? వాయవ్యంలో. చంచల స్థానం! గోడలు గుద్దక ఏం చేస్తారండీ?"

పంచాక్షరి గారు రెండు చేతులూ కట్టుకుని నిలబడి విన్నారు. ఆ రోజు పరీక్షలన్నీ రద్దయ్యాయి. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, గేర్లు గల తేలికపాటి వాహనములు ఏ దిక్కుగా ప్రయాణించుచున్ననూ, ఆ సమయమున ఈశాన్య మూలకు వచ్చు గేరును మాత్రమే వినియోగించవలెను. తూర్పునకు ఒకటవ గేరు, దక్షిణమునకు రెండవ గేరు, ఉత్తరమునకు అయిదవ గేరు, పడమరకు రివర్సు గేరు. మూడు, నాలుగు గేర్లు ఎటు తిరిగిననూ ఏ మూలకూ రానందున సదరు గేర్లను మిగులుగా పరిగణించడమైనది."

పడమర సంగతి మీరు ఇంకోసారి చదువుకోవాలి. నేనూ చదువుకుని నేరుగా పంచాక్షరి గారి వీపు దగ్గరికి వెళ్ళాను.

"అయ్యా, పడమరకు తిప్పి రివర్సు వేస్తే బండి తూర్పుకు పోతుంది కదండీ?"

"పోనివ్వమ్మా," అన్నారు ఆయన గోడతో. "తూర్పు మంచిదే కదా."

"ఆస్పత్రి పడమరనుందండీ. మా అమ్మకు డయాలసిస్."

"ఆస్పత్రి స్థలమార్పు వైద్య శాఖ పరిధిలోని అంశం. అందులో మేము జోక్యం చేసుకోజాలము."

మా ఊరు సముద్రం ఒడ్డున ఉంది. తూర్పున ఉప్పు పండించే కొఠార్లు, వాటి తర్వాత బీచి, ఆ తర్వాత ఇక నీళ్ళే. రైల్వే స్టేషను, కోర్టు, కూరగాయల మార్కెట్టు, ఆస్పత్రి, మనిషికి కావలసినవన్నీ పడమరనే ఉన్నాయి. దేవుడికి ముందుచూపు లేకపోవడం అంటే ఇదే అనుకున్నాం.

ప్రతి కారుకూ దిక్సూచి తప్పనిసరి చేశారు. కూడళ్ళలో తనిఖీ సిబ్బందిని పెట్టారు. ఐమూలగా ఉన్న రోడ్ల మీద ఏ గేరు వేయాలో తేలక, అసలా రోడ్లే దోషమని వాటికి అడ్డంగా గోడలు కట్టారు. గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కార్లు కొన్నవాళ్ళు తెలివిగా తప్పించుకుందామనుకున్నారు గాని, వాటి రాడ్డు ఒకే గీతలో ముందుకూ వెనక్కూ పోతుంది కాబట్టి అది వీధిశూల అని విశ్వపతి గారు తేల్చారు. వాటిని షెడ్లలో పెట్టి తాళాలు వేశారు. బస్సులు, లారీలు రెండో విడతలో వస్తాయన్నారు. ఆటోల గేరు చేతిపిడిలోనే ఉంటుంది, దానికి మూలలు లేవు గనుక వాటి జోలికి పోలేదు.

తూర్పుకు వెళ్ళే కార్లు ఒకటో గేరులో గోల పెట్టుకుంటూ పాకేవి. ఉత్తరానికి వెళ్ళాలంటే అయిదో గేరులో కదలాలి. ఆగి ఉన్న బండిని అయిదో గేరులో లేపడమంటే నిద్రపోతున్నవాణ్ణి లేపకుండానే పరిగెత్తించడమే, ఒక్క దగ్గు దగ్గి ఇంజన్ ఆగిపోయేది. అందుకని ఉత్తరానికి పోవలసినవాళ్ళు ముందు దక్షిణానికి పోయి రెండో గేరులో వేగం తెచ్చుకుని, ఒక్కసారిగా వెనక్కి తిరిగి అయిదులో వేసేవారు. ఆ మలుపుల్లో పూలకొట్లు పోయాయి, టీకొట్లు పోయాయి. దక్షిణానికి మాత్రం హాయిగా పోవచ్చు. ఆ నెలలో మా ఊళ్ళో అందరికీ దక్షిణాన బంధువులు పుట్టుకొచ్చారు.

తూర్పుకు పోయినవాళ్ళు తిరిగి రావడం గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. బీచిలో కార్లు పేరుకుపోయాయి. వాటిని సాయంత్రాలు క్రేను కట్టి న్యూట్రల్లో లాక్కొచ్చేవారు. బ్రహ్మస్థానంలో ఉన్న బండికి ఏ దిక్కూ దోషం కాదట.

మా హెడ్మాస్టరు గారు ఒకరోజు గుమ్మంలో నిలబడి చెప్పులు కూడా విప్పకుండా, "ఏమనుకోవద్దమ్మా, నీ పక్కన పడమరకు కూర్చుంటే నా లైసెన్సు పీకేస్తారట," అని చెప్పి వెళ్ళిపోయారు. ఆయనను ఏమనగలను? అమ్మ మళ్ళీ ఆటో ఎక్కింది. రెండో వారం ఆటోలో వాంతి చేసుకుంది. మూడో వారం మంచం దిగనంది.

"ఈ ఒక్కసారికి వద్దులేవే. నా ఒళ్ళు హూనమైపోతంది. ఒకసారి పోకపోతే ఏమవద్దిలే?"

ఏమవుతుందో రెండురోజులకు తెలిసింది. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడింది. ఊపిరి అందక రాత్రంతా కూర్చునే ఉంది. నాకు మండిపోయింది. పక్కన మనిషి అవసరం లేకుండా నాకంటూ ఒక లైసెన్సుంటే చాలు. పట్టుకుంటే నా లైసెన్సే పోతుంది, ఇంకొకరి కొంప మునగదు. పోయేదాకా అమ్మను నా కార్లో పడుకోబెట్టి తీసుకుపోతాను. పోయాక సంగతి పోయాక చూసుకుంటాను.

కొత్త పరీక్షకు చతురస్రంగా ట్రాకు వేశారు. పడమర గీత మీద అప్పటికే గడ్డి మొలిచింది. ఉత్తరం గీత మీద ఎవరూ కదలలేకపోతున్నారని దాన్ని ఛాయిస్‌లో వదిలేయొచ్చన్నారు. మిగిలినవి తూర్పు, దక్షిణం. తూర్పు గీత ఒకటో గేరులో బుద్ధిగా దాటాను. దక్షిణానికి తిరిగి రెండులో వేశాను. ఆ గీత పొడుగ్గా ఉంది, ఇంజన్ అరవడం మొదలుపెట్టింది. నా ప్రమేయం లేకుండా చెయ్యి మూడుకు పోయింది. బండి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

పంచాక్షరి గారు ఎర్రజెండా ఊపారు. "ఇంజన్ మాట విన్నావు, దిక్కు మాట వినలేదు. ఫెయిల్."

రెండోసారి పరీక్షకు వెళ్ళేసరికి ట్రాకు లేదు. దాని ఈశాన్యం తగ్గిందని తవ్వేస్తున్నారు. అందుకని రోడ్డు మీదే పరీక్ష పెట్టారు. పంచాక్షరి గారు స్వయంగా నా పక్కన కూర్చుని, ఒళ్ళో దిక్సూచి పెట్టుకుని, "తూర్పునకు పోనిమ్ము," అన్నారు. ఉప్పు కొఠార్ల మధ్య రోడ్డు మీద ఒకటో గేరులో పాకుతూ పోయాం. పక్కన సైకిలు మీద చేపల గంపతో పోతున్న ఒకామె మమ్మల్ని దాటిపోయి, జాలిగా వెనక్కి చూసింది. ఇంజన్ ఏడుస్తోంది. ఆయన సంతృప్తిగా తలాడిస్తున్నారు. బీచి కనబడుతుండగా తలాడించడం ఆపి నడుం పట్టుకున్నారు.

"ఏమైందండీ?"

"రాయి... మూత్రపిండంలో రాయి ఉందన్నారు... అమ్మా! ఆస్పత్రి... ఆస్పత్రికి పోనీ!"

బండిని పడమరకు తిప్పి ఒకటో గేరు వేయబోయాను. అంత నొప్పిలోనూ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"రివర్సు! పడమరకు రివర్సు!"

ఆఫీసరు మాట కాదనలేక రివర్సు వేశాను. కారు మూతి ఆస్పత్రి వైపు పెట్టుకుని సముద్రంలోకి పోవడం మొదలుపెట్టింది. ఆయన అమ్మా అన్నప్పుడల్లా ఇంకాస్త వెనక్కి పోయాం. వెనక చక్రాలు తడి ఇసుకలో దిగాక బ్రేకు వేశాను. ఆయన విశ్వపతి గారికి ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"నొప్పి ఏ పక్క?" అన్నారు విశ్వపతి గారు.

"ఎడం పక్క!"

"ముఖం ఎటు ఉంది?"

"పడమరకు!"

"పడమర చూస్తుంటే ఎడమ అంటే దక్షిణం. యమస్థానం కదండీ, నొప్పి ఉంటుంది. కాస్త తూర్పుకు తిరిగి కూర్చోండి."

పంచాక్షరి గారు సీట్లో మెలికలు తిరిగి, కిటికీకి చెంప ఆనించి, తూర్పుకు తిరగడానికి ప్రయత్నించారు. ఆయనతోబాటు రాయి కూడా తిరిగినట్టుంది. ఒక్క పొలికేక పెట్టి ఫోను జారవిడిచారు.

"వెయ్యమ్మా తల్లీ! నీకు తెలిసింది వెయ్యి!"

నాకు తెలిసింది వేశాను. ఇసుకలో సగం క్లచ్చి మీద ఒకటి. రోడ్డెక్కగానే రెండు. కొఠార్ల మలుపు దాటాక మూడు. ఆ తర్వాత తిన్నని రోడ్డు, నాలుగు. నాలుగో గేరు పడగానే ఇంజన్ గొంతు తగ్గి, పసిపిల్ల నిద్రలోకి జారినట్టు చల్లబడింది. ఇన్ని నెలలుగా నేను వినని చప్పుడది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పక్కన మనిషి చస్తానని కేకలు పెడుతుంటే నాకు సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి. కూడళ్ళలో తనిఖీవాళ్ళు దిక్సూచులు పట్టుకుని అడ్డం వచ్చారు గాని, ముందు సీట్లో తమ ఆఫీసరు చేతులు ఊపుతూ అరవడం చూసి సెల్యూట్ చేసి తప్పుకున్నారు.

నాలుగురోజులకు ఆయన నుంచి కబురొచ్చింది. ఆఫీసుకు వెళ్ళేసరికి విశ్వపతి గారు కూడా అక్కడే ఉన్నారు. పంచాక్షరి గారి కుర్చీ, గోడవైపుకు తిప్పాక మొదటిసారి, జనం వైపు తిరిగి ఉంది. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను.

"సమస్య వచ్చిందమ్మా," అన్నారు పంచాక్షరి గారు. "ఆఫీసరు సమక్షంలో పడమరకు నాలుగు ముందు గేర్లు వాడటం జరిగింది. అంటే ఉల్లంఘనకు నేను సాక్షిని. చర్య తీసుకోవాలి. తీసుకుంటే నేనెందుకు ఆపలేదని నా మీద కూడా చర్య తీసుకోవాలి."

విశ్వపతి గారు దిక్సూచి తీసి నా ముందు పెట్టారు. "ఈమెకు లైసెన్సుందా?"

"లేదు. ఎల్ బోర్డు."

"అయితే ఏ దోషమూ లేదు. కడుతున్న ఇంటికి వాస్తు ఫలం ఉండదండీ. గృహప్రవేశం అయ్యాకే ఏదైనా. లైసెన్సంటే గృహప్రవేశం. అప్పటిదాకా ఈమె ఎటు పోయినా, ఏ గేరు వేసినా తప్పు లేదు. పక్కన కూర్చున్నవారు కట్టుబడి చూడటానికి వచ్చినవారే."

పంచాక్షరి గారి ముఖం వెలిగింది. అంతలో ఆయన ఫోను మోగింది. ప్రమోషన్ వచ్చింది! జిల్లాకే పెద్ద అధికారి అయ్యారు. విశ్వపతి గారు లేచి నిలబడి, "ఈశాన్యం గేరు ఫలం!" అని ప్రకటించారు. అక్కడికక్కడే ఉత్తర్వును జిల్లా అంతటికీ వర్తింపజేయాలని తీర్మానించారు. కొత్త ఆఫీసు ఎక్కడో అడిగాను. బైపాస్ దగ్గర, ఆస్పత్రికి ఎదురుగానట. అంటే పడమర.

"అయితే నాకు లైసెన్సు ఇప్పించండి," అన్నాను. "బండి వచ్చని మీరే చూశారు."

ఆయన నా వైపు ప్రేమగా చూశారు. "జిల్లా అధికారి ఆటో ఎక్కితే బాగుండదు. నిన్ను పాస్ చేస్తే నన్ను ఆఫీసుకు ఎవరు తీసుకెళ్తారమ్మా?"

అలా మా అమ్మకు డయాలసిస్ ఉన్న రోజుల్లో మాత్రమే మా జిల్లా రవాణా శాఖ పనిచేస్తుంది. మిగతా రోజుల్లో ఆయన ఇంట్లో క్యాంపు పెట్టుకుంటారు. ఆయన రాలేని రోజుల కోసం లాయర్లు, వ్యాపారులు, మా హెడ్మాస్టరు గారు, లైసెన్సులున్న పెద్దమనుషులందరూ నా షాపు ముందు నిలబడి ఉంటారు. కోర్టుకు ఒకరు, రైలుకు ఒకరు. నేర్చుకునేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు గాని, మూడు, నాలుగు గేర్లు ఎలా వేయాలో బాజీ ఇప్పుడు ఎవరికీ నేర్పడం లేదు. నేర్పితే స్కూలు మూయిస్తారు. నేను చేసిన పాపమల్లా ముందే నేర్చుకోవడం.

ఎల్ గడువు తీరిపోయినప్పుడల్లా పంచాక్షరి గారు కొత్తది ఇప్పిస్తారు. మధ్యలో శాస్త్రానికి పరీక్ష పెడతారు. నిన్న పెట్టిన పరీక్షలో ఉప్పు కొఠార్ల నుంచి ఆయన ఆఫీసు దాకా ఒక్క గేరు కూడా గీసుకోకుండా నడిపాను. ఆయన కారు దిగుతూ, "అద్భుతం. హారన్‌లో వినయం లోపించింది. ఫెయిల్," అని లోపలికి వెళ్ళిపోయారు.

వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకున్న అమ్మ తల ఎత్తింది. ముందు సీటు ఎప్పుడూ పెద్దమనుషులదే గాని, ఒక్కసారైనా ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకెవరూ లేకుండా ఆ రోడ్డు మీద పోవాలని నాకుంది. అది లైసెన్సున్నవాళ్ళకే కుదురుతుంది.

"ఏమైందే?"

"ఫెయిలే."

అమ్మ దుప్పట్లోంచి రెండు చేతులూ తీసి కళ్ళకద్దుకుంది. తర్వాత ఏడ్చింది.

"తప్పాలని మొక్కుకున్నానే. నువ్వు పాసైతే మళ్ళీ ఆ ఆటో ఎక్కాల. బిడ్డ తప్పాలని మొక్కే తల్లి ఎక్కడన్నా ఉంటదంటే?"

స్టీరింగ్ పట్టుకునే ముందు నేనూ అదే మొక్కుకున్నాను.